పుపుస సిరల ఇరుకు: బెలూన్ వేస్తే తగ్గిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. పాప 27 వారాలకే పుట్టింది, ఇప్పుడు ఎనిమిది నెలలు. ఆక్సిజన్ ఇంకా పూర్తిగా మానలేదు. ఎన్ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూ) తీసిన రెండు ఎకోలూ, అంటే గుండె స్కానింగ్‌లూ, నార్మల్. పోయిన వారం ఎకోలో మాత్రం ఎడమ కింది పుపుస సిర (ఊపిరితిత్తి నుంచి గుండెకు రక్తం తెచ్చే నాళం) సన్నబడిందనీ, మీన్ గ్రేడియంట్, అంటే ఇరుకుకు అటూ ఇటూ ప్రెషర్‌లో సగటు తేడా, 5 అనీ, గుండె కుడివైపు ప్రెషర్ ఎక్కువగా ఉందనీ రాశారు. సీటీ తీయాలి, తర్వాత క్యాథ్ (సన్న గొట్టాన్ని గుండెదాకా పంపి చూడటం) చేయాలి అన్నారు. మీరు అడిగినవి నాలుగు: ముందు చూసినవాళ్లు పొరబడ్డారా, ఎకోలో దొరికాక మళ్లీ ఈ పరీక్షలెందుకు, ఆ గొట్టం ద్వారా సిరలో బెలూన్ ఉబ్బించి వెడల్పు చేస్తే తగ్గిపోతుందా, ఊపిరితిత్తుల ప్రెషర్‌కు పాప వాడుతున్న సిల్డెనాఫిల్ ఆపేయాలా.

నేను పిల్లల గుండె డాక్టర్ని. నా పని ఎక్కువగా క్యాథ్ ల్యాబ్‌లోనే. మీ పాపను చూడలేదు కాబట్టి నేను రాసేది మీ డాక్టర్ మాటకు బదులు కాదు. ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియడానికి పనికొస్తుంది.

నాలుగో ప్రశ్నతో మొదలుపెడతాను, అది ఆగేది కాదు. సిల్డెనాఫిల్ మీ అంతట మీరు ఆపకండి, ఉన్నట్టుండి ఆపితే ఊపిరితిత్తుల ప్రెషర్ ఒక్కసారిగా పెరగొచ్చు. కానీ కొత్త ఎకో సంగతి చెప్పి, ఈ మందు ఇంకా ఇవ్వాలా అని ఈరోజే ఫోన్ చేసి అడగండి. ఆ మందు ఊపిరితిత్తుల్లోకి రక్తం తీసుకెళ్లే ధమనులను వదులు చేస్తుంది, లోపలికి రక్తం ఎక్కువ వెళ్తుంది. బయటికి తెచ్చే సిరలు ఇరుగ్గా ఉంటే ఆ రక్తం ఎక్కడికి పోతుంది? తూము పూడిన చెరువుకి పై కాలువ తెరిచినట్టే. ఊపిరితిత్తుల్లో నీరు చేరి పాప ఆయాసపడుతుంది. సిల్డెనాఫిల్‌గానీ, పీల్చే నైట్రిక్ ఆక్సైడ్‌గానీ మొదలుపెట్టాక బిడ్డకు ఆక్సిజన్ అవసరం తగ్గాల్సింది పోయి పెరిగితే, ఎక్స్‌రే మరింత తెల్లగా వస్తే, నాకు మొదట వచ్చే అనుమానం సిరల మీదే. అలాగని అందరికీ ఆపేస్తామనీ కాదు. ఒక్క సిరే ఇరుగ్గా ఉండి, మిగతా ప్రెషర్ నెలలు నిండని ఊపిరితిత్తుల వల్ల వచ్చిందైతే కొందరికి జాగ్రత్తగా కొనసాగిస్తాం. అది మీ పాపకున్న నాలుగు సిరల సంగతి తెలిశాక తేల్చాల్సిన మాట.

ఇక మొదటిది. ఎన్ఐసీయూ ఎకోలు నార్మల్ అన్నది తప్పు కాకపోవచ్చు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఈ జబ్బు చాలాసార్లు పుట్టుకతో ఉండదు, పుట్టాక కొన్ని నెలలకు తయారవుతుంది. రెండు నెలలప్పుడు శుభ్రంగా ఉన్న సిర ఆరో నెలకి సగం మూసుకుపోవడం నేను చూశాను. పాత ఎకో వీడియోలు వెనక్కి తిప్పి చూస్తే అప్పుడు అది నిజంగానే బాగుంది. బరువు మరీ తక్కువగా పుట్టినవాళ్లలో, ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు ఉన్నవాళ్లలో, పేగులు దెబ్బతిని ఎన్ఈసీ వచ్చినవాళ్లలో, గుండెలో రంధ్రం వల్ల ఊపిరితిత్తులకు రక్తం ఎక్కువ వెళ్లినవాళ్లలో ఇది ఎక్కువ. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లోనూ చూస్తుంటాం. ఇంకో పెద్ద గుంపు వేరే ఉంది. పుపుస సిరలన్నీ తప్పుచోట కలిసే టీఏపీవీసీ అనే పుట్టుక లోపానికి ఆపరేషన్ అయ్యాక, కుట్టిన చోటుగానీ దాని వెనకగానీ సన్నబడేవాళ్లు. కొద్దిమందిలో ఏ కారణమూ లేకుండానే వస్తుంది. 1951లోనే వైద్య పత్రికల్లో దీని వర్ణన ఉంది, అంటే జబ్బు కొత్తదేమీ కాదు. చిన్న నెలల్లో పుట్టి బతికి బట్టకట్టే పిల్లలు పెరిగారు కాబట్టి ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తోంది.

జబ్బు అసలు ఎక్కడుందో ఒకసారి చూద్దాం, మీ మూడో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ పట్టుకున్న రక్తం సాధారణంగా నాలుగు సిరల ద్వారా, ఎడమ నుంచి రెండు, కుడి నుంచి రెండు, గుండె ఎడమ పై గదికి చేరుతుంది. పసిపిల్లల్లో ఆ సిర వెడల్పు నాలుగైదు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఈ జబ్బులో సిర లోపలి పొరలో మయోఫైబ్రోబ్లాస్టులనే కణాలు పెరిగిపోతాయి. గాయం మానేటప్పుడు మచ్చ కట్టే పని చేసే కణాలివే. ఇక్కడ ఆగాల్సిన చోట ఆగవు. గోడ లోపలికి మందమవుతుంది, దారి సన్నబడుతుంది, ఒక్కోసారి పూర్తిగా మూసుకుపోతుంది. గుండెలోకి తెరుచుకునే నోటి దగ్గర మొదలై, ఊపిరితిత్తి లోపలి చిన్న కొమ్మలదాకా పాకే రకం అన్నిటికంటే మొండిది. కాబట్టి దీన్ని పైపులో అడ్డంకిగా కాకుండా, పైపు గోడలో పెరుగుదలగా ఊహించుకోండి. పైపును మనం వెడల్పు చేయగలం. గోడ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

రక్తం వెనక్కి తన్నడంతో ఊపిరితిత్తుల్లో ప్రెషర్ పెరుగుతుంది, ధమనులు బిగుసుకుంటాయి, వాటిలోకి రక్తం తోసే కుడి జఠరిక (గుండె కుడి కింది గది) కష్టపడి కష్టపడి మందమవుతుంది. బయటికి కనిపించేది మాత్రం ఆయాసం, డొక్కలు ఎగరడం, పాలు తాగుతూ మధ్యలో అలిసిపోయి వదిలేయడం, బరువు పెరగకపోవడం, నెలనెలా నిమ్ము. ఇందులో ఏదీ ఈ జబ్బుకే ప్రత్యేకం కాదు, చిక్కంతా అక్కడే. గుండెలో శబ్దం కూడా చాలామందిలో వినపడదు. నా దగ్గరికి ఒక పిల్లాడు ఏడాదిన్నర వయసులో వచ్చాడు. అంతవరకూ ఒక చోట ఆస్తమా అని నెబ్యులైజర్, ఇంకో చోట నిమ్ము అని ఆరేడుసార్లు యాంటీబయాటిక్స్. వాళ్లమ్మ ఎక్స్‌రేలన్నీ ఒక సంచిలో వేసుకొచ్చింది. వరసగా పెట్టి చూస్తే ప్రతిదాంట్లోనూ మచ్చ ఒకే చోట, ఎడమవైపే. నిమ్ము ప్రతిసారీ ఒకే చోటికి ఎందుకొస్తుంది? ఆ వైపు సిరలు రెండూ దాదాపు మూసుకుపోయి ఉన్నాయి. ఆ సంచిని ఎవరో ఒకరు ముందే నేల మీద పరిచి ఉంటే బాగుండేది. కాస్త పెద్ద పిల్లల్లో దగ్గితే రక్తం పడటం ఇంకో గుర్తు.

ఇప్పుడు ఎకో గురించి. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, రాబోయే ఏడాదంతా మీరు చదవబోయేది ఈ రిపోర్టులే. మంచి సిరలో రక్తం ఒకే వేగంతో పోదు. రక్తం వేగాన్ని కొలిచే డాప్లర్ తెర మీద ఒక్కో గుండె చప్పుడుకి రెండు గుట్టలు లేచి, మధ్యలో కింది గీతదాకా దిగి, చివర చిన్నగా వెనక్కి తిరుగుతుంది. అల వచ్చి పోయినట్టు ఉంటుంది. ఇరుకు మొదలైతే గుట్టల మధ్య లోయ పూడుతుంది, గీత కిందికి దిగడం మానేస్తుంది, వేగం పెరుగుతుంది. సెకనుకు 1.6 మీటర్లు దాటితే, లేదా మీన్ గ్రేడియంట్ 4 దాటితే సాధారణంగా ఇరుకుగా లెక్కేస్తారు. మీ పాపది 5. అంటే అనుమానం న్యాయమైనదే. అయితే గుండెలో రంధ్రం ఉండి ఊపిరితిత్తులకు రక్తం ఎక్కువ పోతున్నప్పుడు ఇరుకు లేకపోయినా ఈ అంకె కొంత పెరుగుతుంది. రంధ్రం ఉందో లేదో అదే రిపోర్టులో చూడండి.

ఇంతకన్నా ముఖ్యమైన మాట ఇంకోటి ఉంది. ఈ అంకె తగ్గినంత మాత్రాన సంబరపడకండి. శరీరం తెలివైంది, ఒక సిర ఇరుకైతే ఆ భాగానికి రక్తం పంపడమే తగ్గించి, బాగున్న వైపుకు మళ్లిస్తుంది. ఆ సిరలో పారే రక్తమే తగ్గితే గ్రేడియంట్ ఎక్కడిది? 5 ఉన్నది మూడు నెలలకి 2 అవుతుంది, 'మెరుగు' అని రాస్తారు, నిజానికి సిర మూసుకుపోతూ ఉంటుంది. పూర్తిగా మూసుకుపోయిన సిరకి గ్రేడియంటే ఉండదు, ఎందుకంటే అది తెర మీద కనపడనే కనపడదు. అందుకే రిపోర్టులో "పుపుస సిరలు నార్మల్" అన్న ఒక్క ముక్క నాకు చాలదు. నాలుగింటినీ పేరుపేరునా చూశారా, ఒక్కోదాని వేగం, ఆకారం రాశారా అని అడుగుతాను. కనపడని సిరను బాగున్న సిరగా లెక్కేయకూడదు. ఏడుస్తున్న, ఊపిరితిత్తులు ఉబ్బిన పసిపాపలో నాలుగూ పట్టుకోవడం ఎంత కష్టమో ఎకో చేసేవాళ్లకే తెలుసు, వాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట అనట్లేదు.

రెండో ప్రశ్నకు జవాబు సగం ఇందులోనే వచ్చేసింది. ఎకో తలుపు దగ్గర నిలబడి చూస్తుంది, రంగు మందు ఎక్కించి తీసే సీటీ యాంజియో ఇల్లంతా చూపిస్తుంది. సిర ఎంత పొడవున సన్నబడింది, లోపలి కొమ్మలు ఎలా ఉన్నాయి, వెనక వెన్నెముకకీ ముందు గుండెకీ మధ్య నలిగిపోతోందా, ఊపిరితిత్తి ఎంత దెబ్బతింది అన్నవి అందులో తెలుస్తాయి. రేడియేషన్ భయం సహజమే, ఇప్పటి మెషీన్లలో అది బాగా తగ్గింది, ఇక్కడ దానివల్ల దొరికే సమాచారానికి ఆ ధర తగినదే. ఎంఆర్ఐ ఏ వైపు ఎంత రక్తం పారుతోందో కొలవగలదు కానీ ఎక్కువసేపు కదలకుండా పడుకోవాలి, పసివాళ్లకు మత్తు ఇవ్వాలి. రక్తం ఎడమకి ఎంత, కుడికి ఎంత అని చెప్పే పర్ఫ్యూజన్ స్కాన్ కూడా ఉంది. మామూలుగా ఎడమకి 45 శాతం దాకా వెళ్లాలి. అది 20కి పడిపోయిందంటే ఆ వైపు ఏదో జరుగుతోందన్నమాట.

క్యాథ్ వేరే కథ. అందులో కొలతా అదే రోజు, చికిత్సా అదే రోజు. తొడ దగ్గర సిరలోంచి సన్న గొట్టం పైకి తీసుకెళ్లి, గుండె గదుల మధ్య గోడను దాటి ఎడమ పై గదికి చేరతాం, అక్కడి నుంచి ఒక్కో పుపుస సిరలోకి. సిర లోపల ప్రెషర్ ఎంత, గదిలో ఎంత అని నేరుగా కొలుస్తాం. సీటీలో మూసుకుపోయినట్టు కనిపించిన సిర కోసం ఇంకో ఉపాయం ఉంది. గొట్టాన్ని ఈసారి అవతలి వైపు నుంచి, పుపుస ధమని చిన్న కొమ్మలోకి అది ఇరుక్కునేదాకా తోసి, కొద్దిగా రంగు మందు ఎక్కిస్తాం. మందు ఊపిరితిత్తి గుండా మెల్లగా జారి సిరల్లోకి వస్తుంది. అందరం తెర వైపే చూస్తుంటాం. ఒక్కోసారి వెంట్రుకంత గీత మెరిసి గుండెలో పడుతుంది. అంటే సిర బతికే ఉంది, తెరవొచ్చు. ఒక్కోసారి రంగు పక్కదారులు వెతుక్కుంటూ వేరే సిరలోకి మళ్లిపోతుంది. ఈ తేడా వేరే పరీక్షలో ఇంత స్పష్టంగా తెలియదు.

ఇక బెలూన్. తెరుచుకుంటుంది. చాలాసార్లు ఆ బల్ల మీదే ప్రెషర్ పడిపోవడం కనిపిస్తుంది. కానీ తెరిచి ఉండటం వేరు. 1982లో మొదటిసారి ఈ సిరలకు బెలూన్ వేసినవాళ్లే అది పనిచేయలేదని రాశారు. ఇప్పటి బెలూన్లు, బ్లేడున్న కటింగ్ బెలూన్లు అప్పటికంటే చాలా మెరుగు, అయినా గోడలోని కణాలకు ఆ సంగతి తెలియదు. బెలూన్ చేసిన చిన్న చీలికను కూడా అవి గాయంగానే చూసి మళ్లీ మచ్చ కడతాయి. అందుకే మొదటి క్యాథ్ తర్వాత ఒకటి రెండు నెలల్లోనే మళ్లీ చూడాలని చాలాచోట్ల ముందే తేదీ వేసేస్తారు. రెండోసారి రమ్మన్నారంటే మొదటిది ఫెయిలైందని టెన్షన్ పడకండి. మొదటి ఏడాది మూడు నాలుగుసార్లు వెళ్లిన పిల్లలు చాలామంది ఉన్నారు. నన్నడిగితే, మీ డాక్టర్‌ని "తెరుచుకుంటుందా" అని అడగకండి, "తెరిచాక ఎలా నిలబెడతారు" అని అడగండి.

స్టెంట్, అంటే సిరను తెరిచి ఉంచే సన్న లోహపు జాలి గొట్టం, వేస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది, ముఖ్యంగా 7 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా తెరవగలిగితే. చిక్కు ఏమిటంటే ఎనిమిది నెలల పాప సిరలో అంత పెద్దది పట్టదు. మందు పూసిన స్టెంట్లు పెద్దవాళ్ల గుండె రక్తనాళాల కోసం చేసినవి, సైజు చిన్నవి, పసివాళ్లకు సరిగ్గా అవే సరిపోతాయి. కానీ పాప పెరుగుతుంది, స్టెంట్ పెరగదు. తర్వాత దాన్ని పెద్ద బెలూన్‌తో సాగదీయాలి, కొన్నిసార్లు గట్టిగా ఒత్తి విరగ్గొట్టాలి కూడా. లోపల మళ్లీ మచ్చ కట్టడమూ ఉంది. ప్రమాదాలు దాచను. సిర చిరిగి ఊపిరితిత్తిలో రక్తస్రావం కావొచ్చు, గుండె ఎడమవైపు పని కాబట్టి రక్తపు గడ్డగానీ గాలి బుడగగానీ మెదడుకు వెళ్లొచ్చు. ఇవి అరుదే, కానీ సంతకం పెట్టేముందు మీకు తెలియాలి.

ఆపరేషన్ ఎవరికి? టీఏపీవీసీ ఆపరేషన్ తర్వాత వచ్చిన ఇరుకులో, నోటి దగ్గరే ఆగిన ఇరుకులో దానికి మంచి చోటు ఉంది. 1990ల మధ్యలో వచ్చిన సూచర్‌లెస్ పద్ధతి దీన్ని మార్చింది. పేరు విని కుట్లే ఉండవనుకోకండి, కుట్లు ఉంటాయి, సిర అంచుకు మాత్రం ఉండవు. సన్నబడ్డ భాగాన్ని పొడవునా తెరిచేసి, గుండె గది అంచును సిరకు కాకుండా చుట్టూ ఉన్న పెరికార్డియం పొరకు, అంటే గుండెను కప్పి ఉండే సంచికి, కుడతారు. సిరల రక్తం ఆ సంచిలో పడి గుండెలోకి వెళ్తుంది. సిరను సూది తాకలేదు కాబట్టి మచ్చ కట్టే కణాలను రెచ్చగొట్టడం తక్కువ. జబ్బు లోపలి కొమ్మలకు పాకిపోయి ఉంటే మాత్రం కత్తి అక్కడిదాకా చేరలేదు.

ఈ పదిహేనేళ్లలో నాకు నిజంగా ఆశ కలిగించింది మందుల వైపు నుంచి వచ్చింది. గోడలో కణాలు పెరగడమే జబ్బైతే ఆ పెరుగుదలనే ఆపొచ్చు కదా అన్నది ఆలోచన. అమెరికాలోని బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో రక్త క్యాన్సర్‌కు వాడే ఇమాటినిబ్‌ను, కొందరికి దానితోపాటు ఇంకో క్యాన్సర్ మందు బెవాసిజుమాబ్‌ను ఇచ్చి చూశారు. చాలా సిరలు దెబ్బతిన్న 48 మంది పిల్లల్లో 72 వారాల నాటికి 77 శాతం బతికే ఉన్నారని 2018లో ప్రచురించారు. మందు ఇవ్వని గుంపును పక్కన పెట్టి పోల్చిన అధ్యయనం కాదది, కాబట్టి ఈ అంకెను కొంత జాగ్రత్తగా చదవాలి. అయినా అలాంటి పిల్లల్లో మునుపు మేం చూసినదానికంటే ఇది చాలా మెరుగు. రెండోది సిరోలిమస్. కిడ్నీ మార్పిడి చేసినవాళ్లకు ఇచ్చే మందు ఇది, కొన్ని స్టెంట్ల మీద పూసేదీ ఇదే. రాపా నుయీ అనే దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దొరికింది కాబట్టి దీని పాత పేరు రాపమైసిన్. ఈ మందులు సిరను తెరవలేవు, తెరిచినదాన్ని మూసుకుపోకుండా ఆలస్యం చేస్తాయి. బెలూన్‌తో కలిసి పనిచేసేవి తప్ప బెలూన్‌కు బదులు కావు.

సిరోలిమస్ మొదలుపెడితే ఇంట్లో పట్టించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. రక్తంలో మందు మోతాదు చూసే పరీక్షను తర్వాతి డోసు వేసేముందు తీయాలి, వేశాక తీస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. నోట్లో పుండ్లు, కొవ్వు పెరగడం, ఇన్ఫెక్షన్లు త్వరగా రావడం మామూలుగా చూసే ఇబ్బందులు. జ్వరం వస్తే మామూలు పిల్లల్లా రెండు రోజులు చూద్దామని ఆగకండి. నోటి పూతకు వాడే ఫ్లూకోనజోల్, దగ్గుకు రాసే క్లారిత్రోమైసిన్ లాంటివి రక్తంలో సిరోలిమస్‌ను బాగా పెంచేస్తాయి, కాబట్టి వేరే డాక్టర్ ఏ మందు రాసినా ముందు ఈ పేరు చెప్పండి. లైవ్ టీకాలు, అంటే తట్టు టీకా లాంటివి, ఈ మందు మీద ఉండగా వేయకూడదు. మిగతా టీకాలు ఆపొద్దు. మీ పాప తొమ్మిదో నెల దగ్గర్లో ఉంది కాబట్టి మందు మొదలుపెట్టకముందే టీకాల సంగతి మాట్లాడుకోండి. పుండు మానడాన్ని కూడా ఇది ఆలస్యం చేస్తుంది, ఆపరేషన్ ఉంటే ముందు ఆపుతారు.

భవిష్యత్తు గురించి మీరు అడగలేదు, అడగడానికి భయపడ్డారేమో. ఒకటి రెండు సిరలకే ఆగితే పిల్లలు చాలావరకు నిలదొక్కుకుంటారు. మూడు నాలుగూ పడితే, రెండు వైపులా ఉంటే, ఆరు నెలల లోపే మొదలైతే, లోపలి కొమ్మలకు పాకితే కష్టం, ఆ గుంపులో పిల్లల్ని కోల్పోయాం. ఊపిరితిత్తుల మార్పిడి చివరి మెట్టు, అది పసివాళ్లకు చాలా కొద్దిచోట్లే జరుగుతుంది. ఇప్పటికి మీ రిపోర్టులో ఉన్నది ఒక్క సిర పేరే. అయితే కుడివైపు ప్రెషర్ పెరగడానికి సాధారణంగా ఒక్క సిర చాలదు. అంటే ఊపిరితిత్తుల పాత జబ్బు వాటా ఉండాలి, లేదా ఇంకో సిర కూడా ఉండి ఎకోకు చిక్కి ఉండకపోవాలి. సీటీ ఆలస్యం చేయొద్దు అనడానికి నాకిదే పెద్ద కారణం.

సీటీకి వెళ్లేదాకా పాపను చూసుకోవడంలో ఒక్కటి గుర్తుంచుకోండి. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో రోజూ ఒకే వేళకి లెక్కపెట్టి రాయండి. నాలుగు రోజుల్లో మీకే పాప మామూలు అంకె తెలిసిపోతుంది. అది బాగా పెరిగినా, ఆక్సిజన్ ఎక్కువ పెట్టాల్సి వచ్చినా, పెదాలు నల్లబడినా, పాలు సగంలో వదిలేస్తున్నా, దగ్గులో రక్తం పడినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా తీసుకెళ్లండి. జలుబు ఉంటే మత్తు ఇచ్చే డాక్టర్‌కి ముందురోజే చెప్పండి. ఈ పిల్లలకు మత్తు మామూలు విషయం కాదు, వాయిదా వేయాలో లేదో వాళ్లు తేలుస్తారు.

వెళ్లేటప్పుడు ఎన్ఐసీయూ ఎకోల రిపోర్టు కాగితాలతో సరిపెట్టకండి, వీడియోలు ఉన్న సీడీ అడిగి తీసుకోండి. ఇవ్వడం కుదరదంటే రాతపూర్వకంగా అడగండి, సాధారణంగా అప్పుడు ఇస్తారు. పాత వీడియోలో ఎడమ కింది సిర అసలు కనిపించిందా, కనిపిస్తే అందులో ఆ రెండు గుట్టలు ఉన్నాయా అన్నది చూస్తే, ఈ ఇరుకు ఎన్ని నెలల్లో ఇంతదూరం వచ్చిందో తెలుస్తుంది. రెండు నెలల్లో వచ్చిన ఇరుకుకీ, ఆరు నెలల్లో వచ్చిన ఇరుకుకీ క్యాథ్ తేదీ ఒకేలా వేయను నేను. సీటీ అయ్యాక నాలుగు సిరల పేర్లూ, ఒక్కోదాని పక్కన వాళ్లు రాసిన కొలతా ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.